23 డబ్బాలతో వెళ్లి 8 డబ్బాలతో తిరిగొచ్చాను

మేకప్ నేర్పే ఒకావిడకి అపాయింట్‌మెంటు కోసం ఫోన్ చేస్తే రెండే షరతులు పెట్టారు. మొహానికి ఏమీ రాసుకోకుండా రావాలి. మొహానికి వాడే సరుకంతా, అంటే వాడుతున్నవీ, వాడి మానేసినవీ, ఎవరో ఇస్తే మూత కూడా తియ్యకుండా పెట్టుకున్నవీ, అన్నీ ఒక సంచిలో వేసుకుని రావాలి. "నా దగ్గర అమ్మేది ఏమీ ఉండదమ్మా, అది ముందే చెప్పేస్తున్నాను" అని ఫోన్ పెట్టేశారు. నేను వెళ్లింది ఆ చివరి మాట విని.

ఆవిడ దగ్గర తీసుకున్న రెండు క్లాసుల గురించి, ఆ రెంటికీ మధ్య తప్పనిసరై వెళ్లిన స్కిన్ డాక్టరు గురించి రాస్తున్నాను. ఆవిడ చాలా ఏళ్లు నటీనటులకి మేకప్ వేసిన మనిషి. ఇప్పుడు నలభై దాటిన ఆడవాళ్లకి మాత్రం ఒక్కొక్కరికీ విడిగా గంటన్నర చొప్పున నేర్పుతున్నారు. ఆవిడకే అరవై దగ్గరపడ్డాయి. నాకు 51. హైస్కూల్లో కెమిస్ట్రీ చెప్తాను. ఈ కెమిస్ట్రీ సంగతి కాస్త గుర్తుపెట్టుకోండి, నేను పడ్డ సిగ్గంతా దానివల్లే.

నలభై ఎనిమిదో ఏట నెలసరి లెక్క తప్పడం మొదలైంది. దాంతోపాటే మొహం కూడా లెక్క తప్పింది. నాది జిడ్డు చర్మం అని ఇరవై ఏళ్లుగా ఒక నమ్మకం. ఆ నమ్మకంతో వాడుతూ వచ్చినవన్నీ ఉన్నట్టుండి మండటం మొదలెట్టాయి. బుగ్గలు సాయంత్రానికి బిగుసుకుపోయేవి. గడ్డం మీద మాత్రం పదహారేళ్ల పిల్లకి వచ్చినట్టు మొటిమలు. చెక్కిళ్ల మీద మంగు. వీటికి తోడు రాత్రిపూట వేడి ఆవిర్లు, నిద్రలేని కళ్లు. అద్దంలో మా అమ్మ కనిపించడం బాగానే ఉండేది, అలిసిపోయిన అమ్మ కనిపించడమే బాగోలేదు.

సలహాలకి కొరత లేదు. ఒక పెద్ద దుకాణంలో పాతికేళ్ల పిల్ల నా మొహం వైపు ఒక్క చూపు చూసి, ఒక్క ప్రశ్న కూడా అడక్కుండా ఐదు సీసాలు వరసగా పేర్చింది. "ఈ ఏజ్‌కి సెట్ మొత్తం వాడాలి మేడమ్" అంది. ఆ పిల్లని ఏమీ అనను, అమ్మితేనే ఆమెకి రోజు గడిచేది. వీడియోల్లో ఒకామె రెటినాల్ (ముడతలకి రాసే ఒక రకం విటమిన్ ఎ) లేనిదే బతుకు లేదంటుంది, ఇంకొకామె అది విషం అంటుంది, కింద ఇద్దరూ ఒక్కో లింకు పెడతారు. ఇద్దరికీ ముప్పై దాటి ఉండవు, మొహం మీద చెమట రంధ్రం కూడా కనపడనంత లైటు. ఒక యాప్ అయితే ఫొటో తీసి నా చర్మం వయసు 58 అని తేల్చింది. పది నిమిషాలాగి కిటికీ దగ్గర తీస్తే 46 అంది. ల్యాబులో ఏ పరికరమైనా ఇలా చూపిస్తే పిల్లల చేత దాన్ని బీరువాలో పెట్టించేదాన్ని. కానీ 58 అన్నప్పుడు అది చూపించిన సీరమ్‌ని అప్పటికే కొనేశాను.

ఇక తేల్చుకోవాలనిపించింది మాత్రం ఒక తొమ్మిదో తరగతి పిల్ల వల్ల. హాజరు తీసుకుంటుంటే దగ్గరికొచ్చి మెల్లిగా, "టీచర్, మీకు ఒంట్లో బాలేదా?" అంది. ఆ రోజు నేను అరగంట కూర్చుని మేకప్ వేసుకుని వెళ్లాను.

మొదటి క్లాసులో మొదటి ఇరవై నిమిషాలూ ఆవిడ నా మొహం ముట్టుకోలేదు. కిటికీ పక్క కుర్చీలో కూర్చోబెట్టి అడుగుతూ పోయారు. ఏ మందులు వాడుతున్నారు, నెలసరి ఎలా ఉంది, జుట్టుకి రంగు వేస్తారా, వేస్తే దురద పుడుతుందా, మొహం దేంతో కడుగుతారు, మొటిమ గిల్లే అలవాటుందా, కనుబొమల చివరలు ఎప్పటినుంచి పల్చబడ్డాయి. అన్నిటికంటే నన్ను ఆపేసిన ప్రశ్న, "స్టాఫ్ రూములో మీకు కిటికీ ఏ పక్క?" ఎడమ పక్క. మంగు నా ఎడమ చెంప మీదే ఎక్కువ. మూడేళ్లుగా రోజూ అద్దం చూస్తున్నా ఆ తేడా నేను పట్టుకోలేదు, ఆవిడ పట్టుకున్నారు. ఎండలో చర్మాన్ని కాల్చి ఎర్రగా చేసే యూవీబీ కిరణాలని కిటికీ అద్దం చాలామటుకు ఆపుతుంది, కానీ చర్మాన్ని బిగువుగా ఉంచే ప్రోటీన్ కొలాజెన్‌ని లోపల్లోపల మెల్లగా తినే యూవీఏ అద్దం గుండా వచ్చేస్తుంది. నీడలోనే ఉన్నాను కదా అన్న నా ధీమాకి అక్కడితో గాలిపోయింది.

తర్వాత సంచి బోర్లించారు. 23. ఆవిడ వాటిని మూడు కుప్పలు చేయడం మొదలెట్టారు. ఉంచేవి, పారేసేవి, ఆలోచించేవి.

ముందు పోయింది సబ్బు. మామూలు సబ్బు పీహెచ్ 9కీ 10కీ మధ్య, అంటే క్షారం. చర్మం పైపొర 5 చుట్టుపక్కల, అంటే కాస్త ఆమ్లం. ఆమ్లాలూ క్షారాలూ ఏటా నేనే చెప్తాను, లిట్మస్ కాగితం నేనే పట్టుకుంటాను, ఇంటికెళ్లి ఆ సబ్బుతో రోజుకి మూడుసార్లు మొహం తోముకుంటాను. ఆవిడ పీహెచ్ అనే మాట కూడా అనలేదు. "కడిగాక మొహం కిర్రుమంటుందా? కిర్రుమంటే ఎక్కువ కడిగినట్టే" అన్నారు. అంతే.

తర్వాత విటమిన్ సి సీరమ్. కొన్నప్పుడు నీళ్లలా ఉండేది, ఇప్పుడు డికాక్షన్ రంగు. ఆస్కార్బిక్ యాసిడ్ గాలికీ వెలుగుకీ ఆక్సీకరణం చెందుతుందని నేను ప్రయోగం చేసి చూపిస్తాను పిల్లలకి. సీసా మాత్రం బాత్రూములో కిటికీ గూట్లో పెట్టుకున్నాను. ఆవిడ వెలుగులోకి ఎత్తి ఒకసారి చూసి, నా వైపు ఒకసారి చూసి, పారేసే కుప్పలో పెట్టారు.

నాలుగు సీసాలు పేర్లు వేరు, రంగులు వేరు, లోపల సరుకు ఒకటే: నయాసినమైడ్, అంటే ఒక రకం విటమిన్ బి3. ఒకదాని మీద ఒకటి నాలుగూ రాస్తూ, ఎందుకు మండుతోందా అని ఐదోది కొన్నాను. ఇక్కడ ఆవిడ నేర్పిన లేబుల్ చదివే పద్ధతి చెప్పి తీరాలి, నాకు ఈ మొత్తంలో ఎక్కువ ఉపయోగపడింది అదే. పదార్థాలు ఎక్కువ నుంచి తక్కువకి వరసగా రాస్తారు. కానీ ఒక శాతానికి తక్కువ ఉన్నవాటిని ఏ వరసలోనైనా రాసుకోవచ్చు. అందుకని సరుకు చెడిపోకుండా కలిపే ఫినాక్సీఇథనాల్ లాంటి ప్రిజర్వేటివ్ ఎక్కడుందో చూడమన్నారు. దాన్ని ఒక శాతం మించి వాడరు. డబ్బా ముందు పెద్దక్షరాల్లో రాసిన పెప్టైడో (ప్రోటీన్‌లో చిన్న ముక్క), పువ్వు రసమో దాని తర్వాత ఎక్కడో ఉంటే ఆ పెద్దక్షరాలకి విలువెంతో మనమే లెక్కేసుకోవచ్చు. కొన్ని పెప్టైడ్‌లు అంత తక్కువలోనే వాడతారని ఆవిడే చెప్పారు కూడా, కాబట్టి ఇది కొలబద్ద కాదు, అనుమానించడానికి ఒక చోటు మాత్రమే.

వెనకవైపు మూత తెరిచిన చిన్న డబ్బా బొమ్మ, అందులో 6ఎం, 12ఎం అని ఉంటుంది చూశారా? తెరిచిన దగ్గర్నుంచి అన్ని నెలలే వాడాలని దాని అర్థం. నా మస్కారాకి రెండేళ్లు. దాన్ని మూడు నెలలకోసారి మార్చాలట, కంటికి తగిలేది కాబట్టి. ఇంకోటి, "ముడతలు తగ్గిస్తుంది" అని ఉందా, "ముడతలు కనిపించడాన్ని తగ్గిస్తుంది" అని ఉందా చూడమన్నారు. నా సంచిలో దాదాపు అన్నీ రెండో రకమే. అది మర్యాదకి రాసిన మాట కాదు. చర్మం నిర్మాణాన్నే మారుస్తానంటే చాలా దేశాల్లో చట్టం దాన్ని మందుగా లెక్కగడుతుంది, మందుకి రుజువులు చూపించాలి. కనిపించడాన్ని మారుస్తానంటే సౌందర్య సాధనం, ఆ గొడవే లేదు. గ్లిజరిన్ పట్టిన నీటితో పైపొర ఉబ్బి గీతలు రెండు మూడు గంటలు సర్దుకున్నా ఆ మాట నిజమే అవుతుంది. రోజూ నిర్వచనాలు వప్పజెప్పించుకునే దాన్ని, ఆ ఒక్క మాట నా కళ్లు దాటిపోయింది.

కుప్పలు తయారవుతుండగా పందొమ్మిదో డబ్బా దగ్గర ఆవిడ చెయ్యి ఆగింది. తెల్ల ప్లాస్టిక్ డబ్బా, లేబుల్ లేదు. ఒక పార్లర్‌లో ఇచ్చారు, మూలికలతో చేసింది, మంగుకి మంచిదని. మూడో రోజుకే మొహం తేటపడింది. అందుకే ఎనిమిది నెలలు వాడాను. ఆవిడ నన్ను కిటికీకి ఇంకా దగ్గరగా జరగమని, చెంప మీద వేలు పెట్టి చూపించారు. సన్నటి ఎర్ర దారాల్లా రక్తనాళాలు. దవడ పొడుగునా కొత్తగా నూగు. గడ్డం మీద ఆ మొటిమలు. "ఇది ఆపేటప్పుడల్లా మొహం మండి ఎర్రబడుతుందా?" అంటే, అవునన్నాను, అందుకే ఆపలేకపోయానన్నాను.

ఆవిడ బ్రష్‌లు మళ్లీ సంచిలో పెట్టేసుకున్నారు. "ఇవాళ్టికి మేకప్ లేదమ్మా. ఇది నా పని కాదు, డాక్టరు పని. ఈ డబ్బా కూడా పట్టుకెళ్లండి, పారెయ్యకండి. చర్మం కుదుటపడ్డాక రండి." మిగిలిన సమయానికి డబ్బు తీసుకోలేదు. నేను ఈ సేవకి ఎన్ని మార్కులు వేసినా అందులో సగం ఆ బ్రష్‌లు తిరిగి సంచిలోకి వెళ్లినందుకే. దుకాణం పిల్ల నుంచి యాప్ దాకా అంతవరకు నాకు ఎదురైన ఒక్కరూ "ఇది నాకు తెలీదు, తెలిసినవాళ్ల దగ్గరికి వెళ్లు" అనలేదు.

డాక్టరు గారి గురించి తక్కువ రాస్తాను, ఎందుకంటే ఆయన నాతో గడిపిందీ తక్కువే. పన్నెండు నిమిషాలు. గంటన్నర ఎదురుచూపు. మాట్లాడుతుంటే కళ్లు కంప్యూటర్ మీద. కానీ చెప్పిందాంట్లో ఒక్క వ్యర్థపు మాట లేదు. ఆ డబ్బాలో స్టెరాయిడ్ ఉన్న లక్షణాలన్నీ నా మొహం మీదే ఉన్నాయన్నారు. లేబుల్ లేని తెల్లబరిచే క్రీముల్లో స్టెరాయిడో, చర్మం రంగు తగ్గించే హైడ్రోక్వినోనో, కొన్నిసార్లు పాదరసమో ఉండొచ్చట. పాదరసం! పాదరసాన్ని అదుపు చేసే అంతర్జాతీయ మినమాటా ఒప్పందం కింద సౌందర్య సాధనాల్లో నిషేధించిన లోహం. దాన్ని ల్యాబులో నేను తాళం వేసి ఉంచుతాను, పిల్లల్ని ముట్టుకోనివ్వను. ఉందో లేదో పరీక్ష చేయించలేదు, కానీ ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

స్టెరాయిడ్‌ని ఉన్నపళంగా ఆపితే తిరగబెడుతుందని, ఎలా మానాలో రాసిచ్చారు. అది నా మొహానికి రాసింది, ఇక్కడ పెట్టను. ఇలాంటిదేదైనా వాడుతున్నవాళ్లు ఎవరికి వాళ్లు వెళ్లి రాయించుకోవాల్సిందే. కనుబొమల చివరలు పల్చబడ్డాయని థైరాయిడ్ పరీక్ష కూడా రాశారు. అది మామూలుగానే ఉంది, వయసే కారణమట. మెనోపాజ్ తర్వాత మొదటి ఐదేళ్లలోనే చర్మంలోని కొలాజెన్ 30 శాతం దాకా తగ్గొచ్చని ఆయన అన్నప్పుడు, "మరి కొలాజెన్ పొడి తాగనా?" అని అడిగాను. మొదటిసారి కంప్యూటర్ మీంచి కళ్లెత్తారు. "మీరు ఏం టీచరు?" అన్నారు. కెమిస్ట్రీ అని చెప్పాక ఇంకేం మాట్లాడలేదు. ప్రోటీన్ కడుపులో అమైనో ఆమ్లాలుగానూ చిన్న ముక్కలుగానూ తెగిపోతుందని, ఆ ముక్కలకి చెంపకే వెళ్లాలన్న చిరునామా ఏదీ ఉండదని నాకు నేనే సమాధానం చెప్పుకుని వచ్చేశాను.

నాలుగు నెలలు కేవలం సువాసన లేని క్లెన్సర్, సెరమైడ్‌లున్న (చర్మం పైపొరలో ఉండే కొవ్వులు) మాయిశ్చరైజర్, సన్‌స్క్రీన్. మొదటి ఆరువారాలు నరకం, ఎర్రగా కందిపోయి తిరిగాను. మా వదిన చూసి, "ఆ పాత క్రీమే నయం కదే" అంది. నాకూ రెండుసార్లు అలాగే అనిపించింది.

సన్‌స్క్రీన్ దగ్గర కాసేపు ఆగుతాను. ట్యూబు మీద ఉండే ఎస్‌పీఎఫ్ అంకె 30 అంటే యూవీబీలో ముప్పయ్యో వంతు లోపలికి పోతుంది, 50 అంటే యాభయ్యో వంతు. అంటే ఆపేది సుమారు 97 శాతం, 98 శాతం. తేడా చిన్నదే. అసలు తేడా మనం ఎంత రాస్తున్నామన్న దాంట్లో ఉంది. ఆ అంకె చదరపు సెంటీమీటరుకి 2 మిల్లీగ్రాముల చొప్పున రాసి కొలిచింది. మొహం సుమారు 600 చదరపు సెంటీమీటర్లనుకుంటే పూటకి 1.2 గ్రాములు. 50 గ్రాముల ట్యూబు రోజుకొక్కసారి రాసినా ఆరు వారాలకి అయిపోవాలి. నాకు ఏడు నెలలు వచ్చేది! ఐదోవంతు రాసుకుని, పనిచెయ్యట్లేదని తిట్టుకున్నాను. ఇప్పుడు చూపుడు వేలూ మధ్య వేలూ చాపి, రెంటి మీదా నిలువునా పిండుతాను, మొహానికీ మెడకీ కలిపి.

ఆస్ట్రేలియాలోని నంబూర్ అనే ఊళ్లో 55 ఏళ్లలోపు వాళ్లు 903 మందిని నాలుగున్నరేళ్లు గమనించి చేసిన అధ్యయనం ఒకటి 2013లో అచ్చయింది. చేతి వెనక చర్మాన్ని సిలికోన్‌తో అచ్చు తీసి పోల్చారు. రోజూ సన్‌స్క్రీన్ రాయమన్నవాళ్లలో, ఇష్టమొచ్చినప్పుడు రాసుకున్నవాళ్లకంటే, చర్మం ముదరడం 24 శాతం తక్కువ. అదే అధ్యయనంలో బీటా కెరోటిన్ మాత్రలు మింగినవాళ్లకి చెప్పుకోదగ్గ లాభమేమీ కనపడలేదు. మాత్రలంటే మోజు ఉన్న మా వదినకి ఈ ముక్క రెండుసార్లు చదివి వినిపించాను.

మంగు ఉన్నవాళ్లకి ఇంకో మెలిక ఉంది. మాలాంటి చామనఛాయ వాళ్లకి కంటికి కనపడే వెలుగు కూడా మంగుని ముదురుస్తుంది, మామూలు సన్‌స్క్రీన్ దాన్ని సరిగా ఆపదు. ఐరన్ ఆక్సైడ్ కలిపిన రంగు సన్‌స్క్రీన్ ఆపుతుంది. డాక్టరు గారు చెప్పింది అదే, తర్వాత మేకప్ ఆవిడ చెప్పిందీ అదే. ఒకరికొకరు తెలియని ఇద్దరు ఒకే మాట చెప్తే నాకు ధైర్యం.

నాలుగో నెలాఖరున, చర్మం మండటం మానేశాక, రాత్రిపూట ట్రెటినాయిన్ 0.025 శాతం రాశారు, వారానికి రెండు రాత్రులు, బఠాణీ గింజంత. 1971లో అమెరికాలో మొటిమల మందుగా అనుమతి పొందిన సరుకు ఇది. మొటిమలకి వాడుతున్న పెద్దవయసు ఆడవాళ్లు చర్మం నున్నబడుతోందని చెప్పడంతో ఆల్బర్ట్ క్లిగ్‌మన్ అనే అమెరికన్ చర్మవైద్యుడు ఆ దారి పట్టి, ఎండకి ముదిరిన చర్మం మీద దాని ప్రభావాన్ని 1986లో ప్రచురించారు. దుకాణాల్లో దొరికే రెటినాల్ చర్మంలోకి వెళ్లాక రెండు మెట్లు మారి ఇదే రెటినాయిక్ ఆమ్లం అవుతుంది, మధ్యలో చాలా వృథా అవుతుంది, అందుకే బలం తక్కువ, మంటా తక్కువ. గర్భం వచ్చే అవకాశం ఉన్నవాళ్లు దీని జోలికి పోకూడదు. నలభైల్లో నెలసరి లెక్క తప్పినంత మాత్రాన ఆ అవకాశం పోయినట్టు కాదని డాక్టరు గారు గట్టిగా చెప్పారు. ఇదైతే వీడియోల్లో నాకు ఒక్కరూ చెప్పలేదు.

ఐదో నెలలో రెండో క్లాసు.

ఈసారి ఆవిడ నా పాత మేకప్ మళ్లీ నా చేతే వేయించారు, ఆ తొమ్మిదో తరగతి పిల్ల చూసినట్టే. పూర్తయ్యాక ఏమీ అనకుండా అద్దాన్ని కిటికీ వైపు తిప్పారు. బూడిద. పైన తెల్లటి పొర తేల్చే పాత సన్‌స్క్రీన్, దాని మీద గులాబీ ఛాయ ఫౌండేషన్, దాని మీద పౌడర్. నా చర్మం అడుగు పసుపు ఛాయ. గులాబీ దాని మీద పడితే చచ్చిన రంగే. పౌడరేమో కళ్ల కింద గీతల్లో సున్నంలా దిగబడింది. పిల్ల అడిగినదాంట్లో తప్పేం లేదు.

తర్వాత కడిగించి, సగం మొహం ఆవిడ, సగం నేను. ఆవిడ చేసేదాన్ని చూసి నేను చెయ్యాలి. ఈ పద్ధతి గొప్పది, ఎందుకంటే తప్పు ఎక్కడ జరుగుతోందో ముక్కు మధ్య గీత దగ్గరే తెలిసిపోతుంది. మాయిశ్చరైజర్ రాశాక పది నిమిషాలు ఆగాలి. ఆగకుండా సన్‌స్క్రీన్ రుద్దితే రబ్బరుతో చెరిపినప్పుడు వచ్చే పొట్టులా లేస్తుంది, నాకు రోజూ లేచేది అదే. రుద్దకుండా అద్దాలి. రంగు సన్‌స్క్రీనే సగం ఫౌండేషన్. అసలు ఫౌండేషన్ మొహమంతా అక్కర్లేదు, ముక్కు పక్కలా మంగు మీదా చిన్న చుక్కలు, తడి స్పాంజితో నొక్కడం. కళ్ల కింద ముందు నారింజ రంగు కరెక్టర్, కనిపించీ కనిపించనంత, లోపలి మూల దగ్గర మాత్రమే. పౌడర్ ముక్కు పక్కలకే, నోటి చుట్టుపక్కల అసలు వద్దు.

బ్లష్ దగ్గర నా ముప్పై ఏళ్ల అలవాటు పోయింది. నవ్వి, ఉబ్బిన చోట రాయమని ఎక్కడో చదివి అలాగే రాసేదాన్ని. "నవ్వడం ఆపండి ఇప్పుడు" అన్నారు ఆవిడ. నవ్వు దిగింది, దాంతోపాటు రంగు రెండంగుళాలు కిందికి జారి పెదాల పక్కకి వచ్చింది. "రోజులో ఎక్కువసేపు మీరు నవ్వకుండానే ఉంటారు కదా. ఆ మొహానికి వెయ్యాలి." మామూలుగా చూస్తూ, చెక్కిలి ఎముక మీద, క్రీమ్ బ్లష్, రెండు వేళ్లతో. ఐలైనర్ కూడా అంతే, కన్ను మూసి రెప్ప లాగి గీస్తే తెరిచాక ముడతలో దాక్కుంటుంది. కళ్లు తెరిచి అద్దంలోకి తిన్నగా చూస్తూ, కనిపించే చోట గీయాలి. మొదటి పదిసార్లు నా రెండు కళ్లూ రెండు ఊళ్లవిలా వచ్చాయి.

ఇప్పుడు బాగోని సంగతులు. ఆవిడ వీడియో తీసుకోనివ్వరు, కాగితం మీద ఏమీ రాసివ్వరు. గంటన్నర విన్నది ఇంటికొచ్చేసరికి సగం ఆవిరైంది. నేను టీచర్ని కాబట్టి గబగబా రాసుకున్నాను, అందరూ రాసుకోలేరు. ఆవిడ దగ్గరున్న ఫౌండేషన్లలో ముదురు ఛాయలు రెండే రెండు, ఆ రెంటినీ కలిపి నా రంగు తెప్పించారు. ఇంట్లో నేను దేన్ని దేంతో కలపాలి? నాకంటే ముదురు ఛాయ వాళ్లు వెళ్తే ఇంకా కష్టం. మాట కూడా కరుకు. నా సంచి చూసి "చెత్త" అన్నారు, నిజమే అయినా గుచ్చుకుంది. యాభై దాటాక మెరుపు వాడకూడదన్నారు. ఎందుకని అడిగితే "గీతలు ఎత్తి చూపిస్తుంది" అన్నారు. రెప్ప మధ్యలో వేలి కొసంత బంగారు రంగు మెరుపు నేను ఇంకా వాడుతున్నాను. అది వాడిన రోజు నాకు బాగుంటుంది. ఆవిడ ముందు మాత్రం తుడిచేసుకుని వెళ్తాను.

ఎవరికి పనికొస్తుందంటే, సామాను ఎక్కువై దారి తప్పినవాళ్లకి. ఒక్క సాయంత్రం అందంగా తయారవ్వాలనుకునేవాళ్లకి వద్దు, ఆవిడ మిమ్మల్ని తయారు చెయ్యరు, మీ చేతే చేయిస్తారు. మొదటిసారి మీ చెయ్యి వణుకుతుంది. మొహం మీద మారుతున్న పుట్టుమచ్చో, మానని పుండో ఉన్నవాళ్లు ఇలాంటి క్లాసులు పక్కనపెట్టి ముందు డాక్టరు దగ్గరికే వెళ్లాలి.

ఇప్పటికి పదకొండు నెలలు. ముడతలు ఎక్కడికీ పోలేదు, నవ్వితే వస్తాయి, నవ్వకపోయినా కొన్ని ఉంటాయి. మంగు సగం తేలికపడింది. చెంప మీద ఎర్ర దారాలు రెండు మిగిలిపోయాయి, అవి లేజర్‌తో తప్ప పోవట. స్టాఫ్ రూములో కుర్చీ మార్చుకున్నాను. 23లో మిగిలిన 8 డబ్బాల్లో మూడు అయిపోయాయి, వాటి బదులు రెండే కొన్నాను.

మొన్న మా వదిన ఫోన్ చేసి, ఆవిడ నంబరు పంపమంది. పంపుతాను గానీ ముందు నీ దగ్గర ఎన్ని డబ్బాలున్నాయో లెక్కపెట్టి చెప్పమన్నాను. ఇప్పుడే చూసి చెప్తానంది. నాలుగు రోజులైంది.